ముద్దుపేరు పెట్టే హక్కు టవర్‌దే

1974 ఆగస్టు 9. అమెరికా అధ్యక్ష పదవి వదులుకున్న రిచర్డ్ నిక్సన్ వాషింగ్టన్ నుంచి కాలిఫోర్నియాలోని సొంతింటికి విమానంలో వెళుతున్నాడు. విమానం మిసోరీ రాష్ట్రం మీద ఉండగా అక్కడ వాషింగ్టన్‌లో జెరాల్డ్ ఫోర్డ్ ప్రమాణ స్వీకారం చేశాడు. పైలట్ రాల్ఫ్ అల్బర్టాజీ కాన్సాస్ సిటీ కంట్రోలర్‌ని రేడియోలో పిలిచి, తమ కాల్ సైన్ మార్చమని అడిగాడు. అప్పటిదాకా అది ఎయిర్‌ఫోర్స్ వన్. ఆ మాట తర్వాత సియెరా ఆల్ఫా మైక్ 27000. రెక్కలు అవే, ఇంజన్లు అవే, నడిపేవాడూ ఆయనే, వెనక కూర్చున్న మనిషీ ఆయనే. నడి ఆకాశంలో పేరొక్కటే మారింది.

ఎయిర్‌ఫోర్స్ వన్ ఏ విమానానికీ పుట్టుకతో వచ్చిన పేరు కాదు. అధ్యక్షుడు ఎక్కిన వైమానిక దళ విమానం ఏదైనా సరే, ఆయన అందులో ఉన్నంతసేపూ దాన్ని అలా పిలుస్తారు. ఆయన పౌర విమానం ఎక్కితే ఆ పిలుపు ఎగ్జిక్యూటివ్ వన్. ఈ ఆనవాయితీ పుట్టడానికి కారణంగా చెప్పేది 1950ల నాటి ఒక తికమక. ఐసెన్‌హోవర్ ప్రయాణిస్తున్న విమానం ఎయిర్‌ఫోర్స్ 8610. అదే చుట్టుపక్కల ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి 8610 కూడా ఎగురుతోంది. నాలుగు అంకెలూ ఒకటే. ప్రమాదమేమీ జరగలేదు. కానీ అధ్యక్షుణ్ణి మోస్తున్న విమానాన్ని మరొకదానితో పొరబడే వీలే ఉండకూడదని అప్పుడు అనుకున్నారు.

అధ్యక్షుల కోసం ఒక ప్రత్యేకమైన పిలుపు సృష్టించవచ్చు. బేగంపేటలోనో డాలస్ శివార్లలోనో రెండు సీట్ల సెస్నా తీసి ఆదివారం పొద్దున గాలిలోకి లేచే మామూలు మనిషికి ఆ సౌకర్యం లేదు. తోకమీద రాసి ఉన్న అక్షరాలే అతని పేరు. పక్కన కో పైలట్ ఉండడు. రేడియో విని, జవాబు చెప్పి, పటం చూసి, విమానం నడిపేది అతనొక్కడే. పెద్ద విమానంలో ఒకరి చెవి జారితే ఇంకొకరి చెవి పట్టుకుంటుంది. ఇక్కడ ఉన్నది ఒకటే జత చెవులు. కాల్ సైన్ నియమాలు ఎక్కువగా అక్కరకొచ్చేది ఇతనికే. వాటిని కాగితం మీది మర్యాదలుగా కొట్టిపారేసే ప్రమాదం ఉన్నదీ ఇతనితోనే.

ముందు ఆ అక్షరాలు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం. భారతదేశంలో నమోదైన ప్రతి పౌర విమానం మీదా వీటీ అని ఉంటుంది, ఒక చిన్న గీత, తర్వాత మూడు అక్షరాలు. వీటీ అన్ని భారతీయ విమానాలకూ ఇంటిపేరు లాంటిది. బ్రిటన్‌ది జీ, అమెరికాది ఎన్, ఆస్ట్రేలియాది వీహెచ్, శ్రీలంకది 4ఆర్, నేపాల్‌ది 9ఎన్. ఇవి విమానాల వాళ్లు కూర్చుని పంచుకున్నవి కావు, రేడియో వాళ్లవి. ఏ దేశపు రేడియో స్టేషన్లు ఏ అక్షరాలతో మొదలవ్వాలో అంతర్జాతీయ రేడియో సదస్సుల్లో తేల్చారు. 1919 పారిస్ ఒప్పందం ఆ కేటాయింపునే విమానాలకు వాడుకుంది. అప్పట్లో బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తానికీ జీ. 1927 వాషింగ్టన్ రేడియో సదస్సు ఈ పంపకాన్ని మళ్లీ చేసింది. వీ వరుసలో పెద్ద ముక్క సామ్రాజ్యానికి పడింది. అందులోంచి వీటీ మొదలుకుని వీడబ్ల్యూ వరకు భారత్ వాటా.

వీటీ అంటే 'వైస్రాయ్ టెరిటరీ' అనీ, బానిసత్వపు గుర్తు కనక మార్చాలనీ మన దేశంలో అప్పుడప్పుడూ వాదన లేస్తుంది. వినడానికి బాగుంటుంది. అయితే కెనడా, ఆస్ట్రేలియాల రేడియో అక్షరాలు కూడా అదే వీ వరుసలోవే. అక్కడా వైస్రాయ్ ఉన్నాడని ఎవరూ అనరు. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థలో పాఠం నేర్చుకుని సొంత సెట్టు పెట్టుకునే హ్యామ్‌లు తమ కాల్ సైన్‌ను వీయూతో మొదలుపెడతారు. అది కూడా ఈ వాటాలోదే. 1932 అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా మోసుకొచ్చిన పస్ మాత్ విమానం పేరూ ఇదే వాటాలోది, వీటీ-ఏడీఎన్.

ఇంటిపేరు పోగా మిగిలే మూడు అక్షరాలతో 17,576 పేర్లు కట్టవచ్చు. అన్నీ వాడరు. క్యూతో మొదలయ్యేవి వద్దు, ఎందుకంటే టెలిగ్రాఫ్ కాలం నుంచి క్యూతో మొదలయ్యే మూడక్షరాల మాటలకు వేరే అర్థాలున్నాయి. ఎస్‌ఓఎస్, పాన్ లాంటి ఆపద సంకేతాలు ఎటూ వద్దు. ఒకడు తన పేరు చెప్పుకుంటుంటే ఇంకొకడు సాయానికి పరుగెత్తకూడదు కదా.

రేడియోలో విమానం తనను తాను మూడు రకాలుగా పిలుచుకోవచ్చని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం. ఒకటి, తోకమీది అక్షరాలే. కావాలంటే ముందు తయారీదారు పేరో మోడల్ పేరో చేర్చవచ్చు. రెండు, నడిపే సంస్థకు కేటాయించిన పిలుపు, దాని వెనక రిజిస్ట్రేషన్‌లోని చివరి నాలుగు అక్షరాలు. మూడు, సంస్థ పిలుపు, దాని వెనక ఆనాటి ఫ్లైట్ నంబరు. ఇండిగో వాళ్లు 'ఐఫ్లై' అనీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్లు 'స్పీడ్‌బర్డ్' అనీ చెప్పుకునేది ఈ మూడో రకం. సొంత విమానం వాడిది దాదాపు ఎప్పుడూ మొదటి రకమే.

తోకమీద గీత ఉంటుంది, నోట్లో ఉండదు. ఫ్లైట్ ప్లాన్ కాగితంలో కూడా ఉండదు, ఆ గడిలో ఏడు అక్షరాలకు మించి పట్టవు. మొదటిసారి పిలిచేటప్పుడు వరుస కూడా ముఖ్యమే. ఎవరిని పిలుస్తున్నారో వాళ్ల పేరు ముందు, మీ పేరు తర్వాత. "హైదరాబాద్ టవర్, విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ." అయిదక్షరాలూ చెప్పాలి. కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లకు ఇది చాంతాడంత అనిపిస్తుంది. ఒకటి రెండు ప్రయాణాలయ్యాక 'బ్రావో చార్లీ' అని తేల్చేయాలని నోరు దురదపెడుతుంది. ఎయిర్‌లైన్ వాడు అలవోకగా పలికినంత పొట్టిగా తనదీ ఉండాలని ఆశ.

పొట్టిపేరుకు నియమం ఒప్పుకుంటుంది. మొదటి అక్షరం, చివరి రెండు అక్షరాలు తక్కువ కాకుండా ఉంటే చాలు. విక్టర్ బ్రావో చార్లీ. అయితే దానికి మూడు షరతులున్నాయి. మాటలు బాగా కలిసి ఉండాలి, పొరబాటుకు తావుండకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా ఆ పొట్టిపేరుతో ముందు పిలవాల్సింది టవరే. కంట్రోలర్ నోటినుంచి వచ్చాకే పైలట్ దాన్ని వాడవచ్చు. మీ ముద్దుపేరు మీరు పెట్టుకోకూడదు.

ఇది హోదాకు సంబంధించిన పట్టింపులా కనిపిస్తుంది. కాదని లెక్క వేస్తే తెలుస్తుంది. అయిదక్షరాల పేరు పొట్టిదైతే మన దేశంలో మొదటి అక్షరం ఎప్పుడూ వీయే కనక అది ఏ సమాచారమూ ఇవ్వదు. మిగిలేవి రెండు అక్షరాలు, అంటే 676 జతలు. ఒక ఫ్రీక్వెన్సీ మీద పది విమానాలున్నాయనుకోండి, అక్షరాలు చీటీలు తీసినట్టు వచ్చాయనుకోండి. వాటిలో ఏ రెండింటికైనా చివరి జత అచ్చం ఒకటే అయ్యే అవకాశం వందకు ఆరున్నర దాకా ఉంటుంది. ఇది అచ్చం ఒకటైతే వచ్చే లెక్క. ఒకే ఫ్లయింగ్ స్కూల్ ఒకే విడతలో కొన్న నాలుగు విమానాలకు రిజిస్ట్రేషన్లు వరుసగా వస్తే, వాటి మధ్య తేడా చివరి ఒక్క అక్షరమే. అవన్నీ ఒకే గాలిలో ఒకే పొద్దున తిరుగుతాయి. ఎవరెవరు తన ఫ్రీక్వెన్సీ మీద ఉన్నారో, ఎవరు ఇంకో పది నిమిషాల్లో రాబోతున్నారో మొత్తం తెలిసినవాడు కంట్రోలర్ ఒక్కడే. పైలట్‌కి తాను విన్నవాళ్లే తెలుసు. అందుకే పేరు తగ్గించే అధికారం అటుంది.

ఇక్కడినుంచి విషయం మనిషి చెవిలోకి వెళుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విమానాల రద్దీ పెరిగింది. కంట్రోలర్లు ఒకే లౌడ్‌స్పీకర్‌లోంచి పలువురు పైలట్ల గొంతులు కలగాపులగంగా వినాల్సి వచ్చేది. ఇన్ని గొంతుల్లో చెవి ఒకదాన్ని ఎలా ఎంచుకుంటుందన్న ప్రశ్న శాస్త్రవేత్తలకు పట్టుకుంది. 1953లో కాలిన్ చెర్రీ మనుషులకు హెడ్‌ఫోన్ పెట్టి రెండు చెవుల్లో రెండు వేర్వేరు మాటలు వినిపించాడు, ఒక చెవిలో వచ్చేదాన్ని పైకి చెప్పమన్నాడు. రెండో చెవిలో ఏం వచ్చిందని తర్వాత అడిగితే ఆడ గొంతో మగ గొంతో చెప్పగలిగారు గానీ మాటలేమిటో చెప్పలేకపోయారు. పట్టించుకోని చెవి దాదాపు మూసుకుపోయినట్టే. 1959లో నెవిల్ మోరే ఇదే ప్రయోగాన్ని ఇంకొంచెం ముందుకు నడిపాడు. ఆ మూసుకున్న చెవిలో వింటున్నవాడి సొంత పేరు పలికించాడు. మూడో వంతు మంది దాకా దాన్ని పట్టుకున్నారు. వేరే ఏ మాటా దూరని గోడలోంచి పేరు మాత్రం దూరింది.

కాల్ సైన్ పనిచేసేది ఈ సందులోంచే. సొంత విమానం నడిపేవాడికి ఏళ్ల తరబడి ఒకటే కాల్ సైన్. అది అతని చెవికి రెండో పేరైపోతుంది. ఇంజను మోతలో, పటం మీద వేలు పెట్టి ఊరు వెతుకుతున్నప్పుడు కూడా ఠక్కున తగులుతుంది. క్లబ్బులో అద్దెకు తీసుకునేవాడికి ఈ వరం లేదు. నిన్న ఒక పేరు, ఇవాళ ఒక పేరు. టవర్ పిలుస్తూనే ఉంటుంది, తనను కాదనుకుంటాడు. అంతకంటే చెడ్డది, నిన్నటి పేరు వినిపిస్తే జవాబిచ్చేస్తాడు. చిన్న విమానాల్లో చాలావాటికి రేడియో పక్కన ప్యానెల్ మీద రిజిస్ట్రేషన్ రాసిన చిన్న పలక అతికించి ఉండడం ఇందుకే. అది చూసి చదవడం తక్కువతనమనుకునే పైలట్లు ఉంటారు. వాళ్ల ధైర్యం వాళ్లది.

మన జ్ఞాపకం ఇంకో తమాషా చేస్తుంది. కేంబ్రిడ్జ్‌లో మనస్తత్వవేత్త కాన్రాడ్ 1964లో ప్రచురించిన ప్రయోగాల్లో అక్షరాలను తెర మీద చూపించారు, వినిపించలేదు. తర్వాత గుర్తుతెచ్చుకుని రాయమంటే మనుషులు చేసిన తప్పులు చూపుకు పోలినవి కావు, వినికిడికి పోలినవి. బీ చూసి వీ రాశారు. పీ చూసి టీ రాశారు. కళ్లతో చదివినదాన్ని కూడా బుర్ర లోపల పలికి దాచుకుంటుందన్నమాట. కాబట్టి కాగితం మీద ఎంతో తేడాగా కనిపించే రెండు కాల్ సైన్లు తలలో ఒకే గూట్లో పడవచ్చు. ఫ్లైట్ స్ట్రిప్ మీద పేరు చదువుతున్న కంట్రోలర్ కూడా ఈ పొరబాటుకు అతీతుడు కాడు.

దీనికి మందుగా వచ్చినవే ఆల్ఫా, బ్రావో, చార్లీలు. విమాన రేడియో గొంతును సుమారు 300 హెర్ట్‌జ్ నుంచి 3,000 హెర్ట్‌జ్‌కు కాస్త అటూ ఇటూ వరకే మోస్తుంది. అచ్చుల బలం ఆ మేరలోనే ఉంటుంది కనక దాటుకొస్తుంది. 'స', 'ఫ' లాంటి ఊదే హల్లుల బలం ఆ పైన ఉంటుంది, అది తెగిపోతుంది. బీ, డీ, పీ, టీ, వీ అన్నీ అప్పుడు ఒకే 'ఈ'గా మిగులుతాయి. 1951లో తెచ్చిన పదాల జాబితాలో కొన్ని కుదరలేదు. ఎన్‌కు నెక్టార్ అని పెడితే అది విక్టర్‌తో కలిసిపోయింది. ఎక్స్‌కు ఎక్స్‌ట్రా అంటే డెల్టాలా వినిపించింది. 31 దేశాల మనుషులతో పలికించి, వినిపించి పరీక్షించాక అయిదు పదాలు మార్చారు. నెక్టార్ పోయి నవంబర్, కోకా పోయి చార్లీ, మెట్రో పోయి మైక్, యూనియన్ పోయి యూనిఫాం, ఎక్స్‌ట్రా పోయి ఎక్స్‌రే వచ్చాయి. 1956 మార్చి 1 నుంచి ఇవే. అంకెల్లో నైన్‌ను 'నైనర్' అంటారు, ఫైవ్‌ను 'ఫైఫ్' అంటారు. రెండింట్లో ఉన్నది ఒకటే అచ్చు, మొదటా చివరా హల్లులు రేడియోలో ఆరిపోతే రెండూ ఒకటే. ఇక 'ఏ ఫర్ యాపిల్' అనో, సరదాగా ఇంకేదో సొంత పదంతోనో చెప్పేవాళ్లున్నారు. 31 దేశాల చెవులు పరీక్షించిన పదాన్ని తీసి మన సొంత పదం పెట్టుకోవడానికి కారణం నాకైతే తోచదు.

విమానాలు 118 నుంచి 137 మెగాహెర్ట్‌జ్ మధ్య ఇప్పటికీ పాతకాలపు ఏఎం పద్ధతిలోనే మాట్లాడతాయి. ఎఫ్ఎం స్వచ్ఛంగా ఉంటుంది కదా, ఎందుకు మార్చరని చాలామంది అడుగుతారు. ఎఫ్ఎం రిసీవర్‌కు రెండు స్టేషన్లు ఒకేసారి వస్తే బలమైనదాన్ని పట్టుకుని బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది. వినేవాడికి ఇంకొకరు మాట్లాడారన్న సంగతే తెలియదు. ఏఎంలో అలా కాదు. రెండు తరంగాల పౌనఃపున్యాల్లో ఉన్న కొద్దిపాటి తేడా ఈలలా, కీచుమని వినిపిస్తుంది. మాట అర్థం కాకపోయినా ఇద్దరు మాట్లాడారని తెలుస్తుంది. "ఒకరి మీద ఒకరు పడ్డారు, మళ్లీ చెప్పండి" అనే వీలుంటుంది.

ఆ కీచుకు చరిత్రలో అతి ఖరీదైన సందర్భం 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫే విమానాశ్రయంలో వచ్చింది. పొగమంచు. కేఎల్ఎం వారి 747 రన్‌వే మీద బయల్దేరడానికి నిలబడి ఉంది. పాన్ ఆమ్ వారి 747 అదే రన్‌వే మీద ఎదురుగా నడుస్తోంది. దాని కాల్ సైన్ క్లిప్పర్ 1736. కేఎల్ఎం బయల్దేరుతున్నట్టు చెప్పినప్పుడు టవర్ ఆగమంది. అదే క్షణంలో పాన్ ఆమ్ తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామంది. రెండు మాటలూ ఒకదానిమీద ఒకటి పడి కేఎల్ఎం కాక్‌పిట్‌లో కీచుగా వినిపించాయి. తర్వాత టవర్ పాన్ ఆమ్‌ను మళ్లీ పిలిచి, రన్‌వే ఖాళీ చేశాక చెప్పమంది. ఆ ఒక్కసారి క్లిప్పర్ అనలేదు, 'పాపా ఆల్ఫా 1736' అంది. పేరు మారినా కేఎల్ఎం ఫ్లైట్ ఇంజనీర్‌కు అనుమానం వచ్చింది, ఆ పాన్ అమెరికన్ ఇంకా తప్పుకోలేదా అని అడిగాడు కూడా. కెప్టెన్ తప్పుకుందనే అన్నాడు. 583 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి కాల్ సైన్ కారణం అనడం అన్యాయం. పెద్ద కారణాలు వేరే ఉన్నాయి. కానీ సగం వినిపించే ఆ క్షణంలో, అప్పటిదాకా చెవులు అలవాటుపడ్డ పేరు మారితే ఒక ఆసరా తగ్గినట్టే. ప్రయాణం మధ్యలో కాల్ సైన్ రకం మార్చకూడదు, భద్రత కోసం కంట్రోలర్ తాత్కాలికంగా మార్చమంటే తప్ప అనే నియమం ఉన్నది ఈ ఆసరా కోసమే. నిక్సన్ విమానం వాళ్లు కూడా అడిగే మార్చుకున్నారు.

మైకు బటన్ అలవాటు ఒకటి చెప్పాలి. నొక్కుతూనే మాట్లాడితే మొదటి అక్షరం తెగుతుంది. చివరి మాట పూర్తికాకముందే వేలు తీస్తే చివరి అక్షరం తెగుతుంది. కంట్రోలర్ ఇచ్చిన ఆదేశాన్ని తిరిగి చెప్పేటప్పుడు కాల్ సైన్‌ను చివర పెట్టాలన్నది నియమం కనక, తొందరపాటు వేలు సరిగ్గా పేరునే మింగుతుంది. పేరు లేని జవాబు వచ్చినప్పుడు కంట్రోలర్‌కు తెలిసేదల్లా ఎవరో విన్నారని. ఎవరు విన్నారో తెలియదు.

ఇందులో ఉన్న ప్రమాదాన్ని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పైలట్లకిచ్చే మార్గదర్శక పుస్తకం బాగా వివరిస్తుంది. దిగడానికి వంతు కోసం విమానాలు ఒకదాని పైన ఒకటిగా వేర్వేరు ఎత్తుల్లో చుట్టుతిరుగుతున్నాయి. అన్నిటికన్నా కిందున్నదానికి కంట్రోలర్ దిగడానికి అనుమతి ఇచ్చాడు. పైన తిరుగుతున్న, దాదాపు అదే పేరున్న ఇంకో పైలట్ అది తనకే అనుకుని చివరి రెండు మూడు అంకెలు చెప్పి సరే అన్నాడు. కిందివాడికి ఆ మాట వినబడలేదు. కంట్రోలర్‌కు సరైన అంకెలతో సరైన జవాబు వచ్చింది. పైవాడికి సరైన అనుమతి దొరికింది. తప్పు జరిగిందని అనుమానించడానికి ఇద్దరిలో ఎవరికీ కారణం లేదు. పైవాడు మాత్రం కిందివాళ్లందరి మధ్యలోంచి దిగడం మొదలుపెడతాడు. మూడు అక్షరాలు ఆదా చేసినందుకు ఇది ధర.

అమెరికా పద్ధతిలో ఇంకో సంగతి ఉంది. అక్కడి సొంత విమానం వాళ్లు నవంబర్ అనే ఇంటిపేరును తరచుగా వదిలేసి, దాని స్థానంలో విమానం రకం చెబుతారు. బొనాంజా, సెస్నా, చెరోకీ, తర్వాత అంకెలు. నవంబర్ అంటే కంట్రోలర్‌కు దేశం తప్ప ఏమీ తెలియదు. బొనాంజా అంటే దాని వేగం, అది ఎంత త్వరగా ఎక్కగలదు, ఎంత చిన్న మలుపు తిరగగలదు అన్నీ ఒక్క మాటలో తెలుస్తాయి. బ్రిటన్‌లో ఒంటరిగా ఎగిరే శిక్షణార్థి కాల్ సైన్‌కు ముందు 'స్టూడెంట్' అని చేరుస్తాడు. విన్న కంట్రోలర్ నెమ్మదిగా, సరళంగా మాట్లాడతాడు. పేరులోనే పరిచయపత్రం పెట్టడమిది. మనవాళ్లు కూడా ఇంత ఉదారంగా దీన్ని వాడుకుంటే బాగుండును.

ఇప్పుడు అమెరికాలో ఈ మధ్య పెరిగిన ఒక చిక్కు సంగతి. 2020 జనవరి 1 నుంచి అక్కడి రద్దీ గగనతలంలో ఎగిరే ప్రతి విమానం ఏడీఎస్-బీ పరికరంతో తన స్థానం, ఎత్తు, వేగం తానే ప్రకటిస్తూ పోవాలి. ప్రతి ప్రకటన వెంటా 24 బిట్ల చిరునామా ఒకటి ఉంటుంది. ఈ చిరునామాలను దేశాలకు గంపగుత్తగా పంచారు. భారత్‌కు 2,62,144, అమెరికాకు 10,48,576. వేరే సందేశంలో ఎనిమిది అక్షరాల ఫ్లైట్ ఐడీ కూడా వెళుతుంది, అదే కాల్ సైన్. ఈ సందేశాలకు తాళం లేదు. చవక రిసీవర్ ఒకటి మేడ మీద పెట్టుకున్న ఎవరైనా వినవచ్చు. చాలామంది వింటున్నారు, ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. ఎలాన్ మస్క్ విమానం ఎక్కడ దిగిందో ఒక కాలేజీ కుర్రాడు ప్రపంచానికంతా ప్రకటించడం, 2022 డిసెంబరులో ట్విట్టర్ ఆ ఖాతాను మూసేయడం అందరికీ తెలిసిందే.

మస్క్‌కు ఉన్న చిక్కే చిన్న సెస్నా ఉన్న డాక్టర్‌కు కూడా ఉంది. అమెరికాలో ఎన్ నంబరు తెలిస్తే యజమాని పేరు, ఊరు రిజిస్టర్‌లో చూసుకోవచ్చు. అందుకే కొందరు ప్రైవేటు కాల్ సైన్ తీసుకుంటారు. ఎఫ్‌ఎల్‌టీప్లాన్ సంస్థకు డీసీఎమ్ అనే మూడక్షరాలు, 'డాట్‌కామ్' అనే పిలుపు ఉన్నాయి. ఫోర్‌ఫ్లైట్ సంస్థకు ఎఫ్ఎఫ్ఎల్ ఉంది. వాళ్ల దగ్గర నంబరు తీసుకుంటే మీరు ఆ రోజు తోకమీది అంకెలు కాదు, డాట్‌కామ్ ఫలానా.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కొత్త పేరు ఒక్కచోట పెడితే చాలనుకుంటారు. ఫ్లైట్ ప్లాన్‌లో డీసీఎమ్ రాసి, అసలు రిజిస్ట్రేషన్‌ను దానికి కేటాయించిన వేరే గడిలో పెట్టాలి. ఈ సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్‌లో ఫ్లైట్ ఐడీ అక్షరం పొల్లుపోకుండా అదే ఉండాలి. రేడియోలో మొదటి పిలుపు నుంచి దిగి ఇంజను ఆపేదాకా అదే చెప్పాలి. ఇది మూడో రకం కాల్ సైన్ కనక పొట్టిపేరుండదు. మూడు చోట్ల ఏ ఒక్కచోట పాత పేరు మిగిలినా కంట్రోలర్ తెరమీద ఒక పేరు, చెవిలో ఒక పేరు. అమెరికా నిబంధన ప్రకారం ప్రసారమయ్యే పేరు ఫ్లైట్ ప్లాన్‌లోదైనా కావాలి, రిజిస్ట్రేషనైనా కావాలి. మధ్యేమార్గంగా మరేదో చెల్లదు.

ఇంతా చేసి దాగుతారా అంటే, పేరు ఒక్కటే మారిస్తే దాగరు. అమెరికాలో ఎన్ నంబరుకూ 24 బిట్ల చిరునామాకూ మధ్య ఒక స్థిరమైన సూత్రం ఉంది. చిరునామా చూస్తే నంబరు లెక్కగట్టవచ్చు. బయట బోర్డు తిప్పి, లోపల ఇంటి నంబరు అలాగే ఉంచినట్టు. దీనికి విరుగుడుగా ఎఫ్ఏఏ తాత్కాలిక చిరునామాలివ్వడం మొదలుపెట్టింది, రిజిస్టర్‌తో ముడిపడనివి. ప్రైవేటు కాల్ సైన్ తీసుకున్నవాళ్లకే, అమెరికా గగనతలంలో ఎగిరినప్పుడే అవి పనికొస్తాయి. తోక మీది అంకెలను కెమెరా పట్టుకునే విమానాశ్రయంలో దిగితే ఈ ముసుగు కూడా జారిపోతుంది. మస్క్ విషయంలో కూడా ఇది పెద్దగా పనిచేయలేదు. 2024లో వచ్చిన చట్టం ప్రకారం యజమాని కోరితే రిజిస్టర్‌లోని వ్యక్తిగత వివరాలు దాచే ఏర్పాటు చేశారు. ఇది నాకు ఎక్కువ తిన్నని దారిగా కనిపిస్తుంది. పైలట్ చెవిని గందరగోళపెట్టకుండా కాగితాన్ని మూసేస్తే సరిపోతుంది కదా.

ఎందుకంటే ప్రైవేటు కాల్ సైన్‌కు మోరే ప్రయోగం చెప్పిన ధర ఉంది. సొంత విమానం యజమానికి ఉన్న ఒకే గొప్ప సౌలభ్యం, ఏళ్లపాటు చెవిలో ఇంకిన పేరు. దాన్ని వదిలి ఆ నెలకో ఆ ప్రయాణానికో ఒక నంబరు పెట్టుకోగానే అతను క్లబ్బు విమానం అద్దెకు తీసుకున్నవాడితో సమానం అవుతాడు. అద్దెకు తీసుకున్నవాడికి కనీసం ప్యానెల్ మీద పలకైనా ఉంటుంది. ఇతని పలక మీద ఇప్పుడు తప్పు పేరుంటుంది.

భారతదేశంలో మామూలు ప్రైవేటు పైలట్‌కు ఈ ముసుగుల అవసరం రాదు. ఇక్కడ చిక్కు ఇంకో వైపు. మన గగనతలంలో ఎగిరేవాడికి ఎఫ్ఐసీ నంబరు, ఏడీసీ నంబరు కావాలి. మొదటిది విమాన సమాచార కేంద్రం ఇచ్చేది, రెండోది వైమానిక రక్షణ అనుమతి. ఏ పేరు మీద ఆ అనుమతి ఇచ్చారో ఆ పేరుతోనే గాలిలో ఉండాలి. రేడియోలో మాట్లాడడానికి ఆర్‌టీఆర్ లైసెన్సు వేరే, దాని పరీక్షలో కాల్ సైన్ నియమాలు కచ్చితంగా అడుగుతారు. ఈ పరీక్ష ఏళ్ల తరబడి టెలికాం శాఖ చేతిలో ఉండేది. భారతీయ వాయుయాన్ చట్టంతో విమానయాన డైరెక్టరేట్‌కు మారింది.

ఎక్కడివాళ్లకైనా చివరగా పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది. ప్రైవేటు కాల్ సైన్‌తో ఎగిరినవాళ్లు, కంపెనీ విమానాన్ని ఫ్లైట్ నంబరుతో నడిపినవాళ్లు దిగాక ఇంజను ఆపి, తాళం వేసి వెళ్లిపోతారు. ట్రాన్స్‌పాండర్‌లో ఫ్లైట్ ఐడీ అలాగే ఉంటుంది. చాలా పరికరాలు కరెంటు తీసినా దాన్ని మరిచిపోవు. వారం తర్వాత అదే విమానం తీసి, తోకమీది పేరుతో టవర్‌ను పిలిచే మనిషి వెనక, ఎవరికీ చెందని ఆ పాత పేరు ప్రసారమవుతూనే ఉంటుంది. చెక్‌లిస్టులో రేడియో వరుస తర్వాత, ఫ్లైట్ ఐడీ చూడమని ఒక పంక్తి రాసుకుంటే చాలు. ముద్రించిన చెక్‌లిస్టుల్లో అది లేకపోతే పెన్నుతో రాసుకోండి.